నెమ్మదిగా సాగు రక్త క్యాన్సరు : మందు, తోడు

‘క్యాన్సరు’ అను మాట ఇంటిలో వినబడినంతనే పెద్దలు గొంతు తగ్గింతురు. పిల్లలను ఆవలకు పంపుదురు. ఇరుగుపొరుగువారికి వేరొక జబ్బు పేరు చెప్పుదురు. మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఈ భయము నేటికిని గట్టిగానే ఉన్నది. ఈ భయమునకు కారణము లేకపోలేదు. అయితే క్యాన్సరు అనునది ఒకే వ్యాధి కాదు. రోజులలో ప్రాణము తీయునవి ఉన్నవి. సంవత్సరముల తరబడి నెమ్మదిగా సాగునవియు ఉన్నవి. నెమ్మదిగా సాగు రక్త క్యాన్సరులలో ఒకదానిని గూర్చి, దాని పరిశోధనలో తెలుగునాటికి గల సంబంధమును గూర్చి, రోగికి మనము చేయదగిన సాయమును గూర్చి ఈ వ్యాసమున ముచ్చటింప దలచినాము.

వ్యాధి స్వరూపము

మన ఎముకల లోపలి మూలుగలో రక్తకణములు పుట్టుచుండును. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘనపు మిల్లీమీటరునకు సుమారు 4,000 నుండి 11,000 వరకు తెల్లకణములు ఉండును. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా అను వ్యాధిలో ఈ సంఖ్య లక్షను దాటవచ్చును. వైద్యులు దీనిని క్లుప్తముగా సి.ఎం.ఎల్. అందురు. నెమ్మదిగా సాగు మరియొక రక్త క్యాన్సరు, లింఫోసైటిక్ అనునది, ఎక్కువగా వృద్ధులకు వచ్చును. సి.ఎం.ఎల్. మాత్రము మన దేశములో ముప్పది, నలువది ఏండ్ల వయస్సులో, అనగా సంసార భారము మోయు వయస్సులోనే, తరచుగా బయటపడుచున్నది. పాశ్చాత్య దేశములలో ఇది హెచ్చుగా అరువది ఏండ్ల ప్రాంతమున కనిపించును.

ఆరంభమున దీని లక్షణములు స్వల్పములు. అలసట, రాత్రివేళ చెమటలు, బరువు తగ్గుట, ఎడమ ప్రక్కటెముకల క్రింద బరువుగా నుండుట ముఖ్యమైనవి. ఆ బరువునకు కారణము ప్లీహము పెరుగుటయే. దీనినే మన పల్లెలలో ‘కడుపులో బల్ల’ అందురు. మలేరియాలో కూడ ప్లీహము పెరుగును గనుక, మన్యపు ప్రాంతములలో బల్ల కనిపించిన ప్రతి వానికి మలేరియా అనుకొనుట కద్దు. కొందరు వాతలు కూడ పెట్టించుదురు. వాతల వలన తెల్లకణములు తగ్గవు. ఒక సామాన్య రక్తపరీక్షతో అనుమానము తీరును. అనుమానము బలపడినచో పెద్ద ఆసుపత్రిలో చేయు ప్రత్యేక పరీక్షతో వ్యాధి నిర్ధారణయగును.

ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునది కాదు. ఈ రెండు వాక్యములను మన విద్యార్థులు తమ తమ ఇండ్లలో చెప్పగలిగినచో, ఎన్నో పెండ్లి సంబంధములు, ఎన్నో స్నేహములు నిలువగలవు.

పరిశోధన నడచిన దారి

ఈ వ్యాధిని 1845లో ఎడింబరోలో బెన్నెట్, బెర్లినులో విర్కో అను వైద్యులు విడివిడిగా వర్ణించినారు. తరువాత వంద సంవత్సరములకు పైగా కారణము తెలియలేదు. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫోర్డ్ అను శాస్త్రజ్ఞులు రోగుల కణములలో ఒక పొట్టి క్రోమోసోమును చూచినారు. దానికి ఆ నగరము పేరే నిలిచినది. 1973లో చికాగోకు చెందిన జానెట్ రౌలీ అను విదుషీమణి దాని గుట్టు విప్పినది. 9వ క్రోమోసోము ముక్కయు, 22వ క్రోమోసోము ముక్కయు విరిగి తమ స్థానములను మార్చుకొనుచున్నవి. ఆ అతుకు వద్ద బి.సి.ఆర్.-ఏ.బి.ఎల్. అను క్రొత్త జన్యువు పుట్టుచున్నది. అది తయారు చేయు ప్రోటీను, మూలుగలోని కణములకు ‘పెరుగుము, పెరుగుము’ అని ఎడతెగక ఆజ్ఞ ఇచ్చుచుండును. వేసిన మీట తీయుటకు రాక, దీపము పగలు రాత్రి వెలుగుచుండినట్లు.

ఆ మీటను ఆపు మందు కొరకు నికొలాస్ లైడన్ మొదలగు రసాయన శాస్త్రవేత్తలును, బ్రయన్ డ్రుకర్ అను వైద్యుడును కృషి చేసినారు. ఇమాటినిబ్ అను ఆ మందు, ప్రోటీనుకు శక్తి అందవలసిన చోట తాను కూర్చుండి ఆజ్ఞను అడ్డగించును. 1998లో రోగులపై పరీక్షలు మొదలైనవి. 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వము ఆమోదించినది. అంతకు ముందు ఈ వ్యాధి వచ్చినవారు సగటున నాలుగైదేండ్లు జీవించువారు. ఇమాటినిబ్‌తో చికిత్స ప్రారంభించిన రోగులను పదేండ్లకు పైగా పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితములలో, నూటికి 83 మంది పదేండ్ల తరువాత కూడ జీవించియున్నట్లు తేలినది.

రక్త క్యాన్సరుపై మందులతో జరిగిన పోరాటములో మొదటి అడుగులలోనే ఒక తెలుగువాని పేరున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లముపైనను, దానికి విరోధులైన రసాయనములపైనను పరిశోధనలను నడిపించినాడు. అట్టి అమైనోప్టెరిన్ అను మందుతోనే బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు, తీవ్ర ల్యుకీమియా సోకిన పిల్లలలో వ్యాధి తాత్కాలికముగా తగ్గుటను 1948లో లోకమునకు తెలిపినాడు. అది వేగముగా సాగు రక్త క్యాన్సరు. మనము చెప్పుకొనుచున్నది నెమ్మదిగా సాగునది. అయినను, రక్త క్యాన్సరును మందుతో అదుపు చేయవచ్చునన్న నమ్మకము లోకమునకు కలిగినది ఆ దినములలోనే.

మందు ఉన్నది, వెల యెంత?

మందు వచ్చినది గాని పేదవానికి అందలేదు. ఇమాటినిబ్ కనుగొన్న స్విట్జర్లండు సంస్థ నోవార్టిస్ అమ్మిన మందుకు నెలకు సుమారు 1,20,000 రూపాయలు అయ్యెడిది. హైదరాబాదులోని నాట్కో ఫార్మా 2003లో ‘వీనాట్’ అను పేరుతో అదే మందును తయారు చేసినది. భారతీయ సంస్థల మందు నెలకు సుమారు 8,000 నుండి 10,000 రూపాయలకు లభించినది. తరువాత పేటెంటు వివాదము చెలరేగినది. నాట్కో, హెటిరో మొదలగు సంస్థలతో పాటు క్యాన్సరు రోగుల సహాయ సంఘము ఒకటి కూడ పేటెంటును ప్రతిఘటించినది. 2006లో చెన్నై పేటెంటు కార్యాలయము నోవార్టిస్ దరఖాస్తును త్రోసిపుచ్చినది. తుదకు 2013 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీంకోర్టు, న్యాయమూర్తి ఆఫ్తాబ్ ఆలం రచించిన తీర్పులో, ఆ నిరాకరణనే స్థిరపరచినది. తెలిసిన పదార్థమునకు రూపము మార్చినంత మాత్రమున, చికిత్సలో ఫలితము పెరిగినదని చూపనిదే, క్రొత్త పేటెంటు లభించదని ఆ తీర్పు సారాంశము.

న్యాయము కొరకు ఒక ప్రక్కను చూచి రెండవ ప్రక్కను మరువరాదు. అదే నోవార్టిస్ సంస్థ, మాక్స్ ఫౌండేషన్ అను సేవాసంస్థతో కలిసి 2002 నుండి అనేక దేశములలో పేద రోగులకు మందును ఉచితముగా అందించినది. మన దేశములో వేలమంది రోగులు ఆ సాయము పొందినారు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు, తమ వద్ద ఈ మందు పొందిన రోగుల ఫలితములను వైద్య పత్రికలలో ప్రచురించినారు.

మందు మానుట వలన ముప్పు

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చినాము. లండనులో 2010లో ప్రకటింపబడిన ఒక పరిశోధన మనలను ఆలోచింపజేయును. అక్కడి వైద్యులు ఇమాటినిబ్ వాడుచున్న 87 మంది రోగుల మందు సీసాల మూతలలో, తెరచిన ప్రతిసారి గుర్తించు చిన్న యంత్రమును అమర్చి మూడు నెలలు గమనించినారు. నూటికి తొంబదికి మించి మాత్రలు వేసుకొన్నవారిలో, వ్యాధి గుర్తు వెయ్యవ వంతునకు తగ్గు అవకాశము ఆరేండ్లలో నూటికి 94 పాళ్ళకు పైబడినది. అంతకు తక్కువ వేసుకొన్నవారిలో అది 28 పాళ్ళు మాత్రమే. తొంబది పాళ్ళు అనగా నెలకు మూడు మాత్రలు మానుట. మూడు దినముల మరపు, ఇంత వ్యత్యాసము!

మన ప్రాంతములో మూడు దినములు తప్పిపోవుటకు కారణములు అనేకము. ఒంటికి బాగున్నది గదా అని కొందరు మానుదురు. శ్రీకాకుళపు మత్స్యకారులు గుజరాతులోని వేరావళికి నెలల తరబడి వేటకు పోవుదురు. కూలీలు హైదరాబాదు, చెన్నై నగరములకు వలస పోవుదురు. బట్టల మూటలో మందు లేనిచో చికిత్స అక్కడితో ఆగిపోవును. ఇచ్ఛాపురమునుండి విశాఖపట్టణమునకు 200 కిలోమీటర్లకు పైబడిన దూరము. పరీక్షకు ఒక దినము పోయినచో ఆ దినపు కూలి పోవును, చార్జీలు అదనము.

ఉపవాసములు మరియొక విషయము. ఇమాటినిబ్ మాత్రను సాధారణముగా దినమునకు ఒకమారు, భోజనముతో, పెద్ద గ్లాసుడు నీటితో వేసుకొందురు. రంజాను మాసమున కొందరు సోదరులు, అక్కచెల్లెండ్రు వైద్యుని అడుగకయే మాత్ర మానుదురు. వ్యాధిగ్రస్తులకు ఉపవాసమునుండి మినహాయింపు పవిత్ర ఖురానులోనే కలదు. ఉపవాసము ఉండదలచినవారు, మాత్రను ఇఫ్తారు భోజనముతో వేసుకొనవచ్చునా అని ముందుగా వైద్యుని అడుగవలెను. కార్తిక సోమవారములు పాటించువారికిని ఇదే వర్తించును. గ్రేప్‌ఫ్రూట్ అను పండు ఈ మందు పనితీరును మార్చును. దానికి దగ్గరి జాతిదైన పంపరపనసను గూర్చి కూడ వైద్యుని అడుగుట మంచిది. గర్భము ధరింపదలచిన స్త్రీలు ముందుగా తప్పక వైద్యుని సంప్రదింపవలెను. ఈ మందు గర్భస్థ శిశువునకు హాని చేయగలదు. కొన్నేండ్లపాటు వ్యాధి గుర్తు బాగుగా అణగియున్న కొందరికి వైద్యులే మందు ఆపి చూచుట కలదు. వారిలో సుమారు సగము మందికి వ్యాధి తిరిగి వచ్చును. కనుక అది నిరంతర పరీక్షల మధ్య వైద్యులు చేయవలసిన పని. మనంతట మనము చేయరాదు.

తోడు

మాక్స్ ఫౌండేషన్, ఇదే వ్యాధితో మరణించిన మాక్సిమిలియానో అను యువకుని స్మృత్యర్థము 1997లో వెలసినది. మన దేశములో దాని స్ఫూర్తితో ‘ఫ్రెండ్స్ ఆఫ్ మాక్స్’ అను రోగుల బృందము ఏర్పడి, నగరములలో సమావేశములు జరుపుచున్నది. అచట ఏండ్ల తరబడి మందు వాడుచున్నవాడు, నిన్న వ్యాధి పేరు విన్నవానితో మాట్లాడును. ఆ మాటకు గల బలము వైద్యుని మాటకు కూడ ఒక్కొక్కప్పుడు ఉండదు.

మన జిల్లాల రోగులు సాధారణముగా విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ కేంద్రమునకు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికో పోవుదురు. చికిత్సకు పోవు క్యాన్సరు రోగికిని, వెంట పోవు ఒకరికిని రైలు టికెట్టుపై రాయితీ కలదు. అందులకు ఆసుపత్రి వైద్యుడు నిర్ణీత పత్రముపై సంతకము చేయవలెను. ఈ సంగతి ఎరుగక నిండు చార్జీ చెల్లించువారు అనేకులు.

మన కర్తవ్యము

మన కళాశాలలో ఉర్దూ చదువువారు, తెలుగు చదువువారు ఒకే వరండాలో నడచుచున్నారు. ఆసుపత్రి కాగితములన్నియు ఇంగ్లీషులో ఉండును. రోగి ఇంటిలో తెలిసిన భాష తెలుగో, ఉర్దూవో. ఆ కాగితమును చదివి, మందు వేళను, తరువాతి పరీక్ష తేదీని రోగి చదువగల లిపిలో ఒక అట్టపై వ్రాసి గోడకు తగిలించుట మన విద్యార్థులకు పది నిమిషముల పని. రైలు రాయితీ పత్రము నింపిపెట్టుట మరియొక పది నిమిషములు. తోడు ఎవరును లేని రోగి వెంట విశాఖకు పోవుట ఒక దినపు పని. వీటికి వైద్యవిద్య అక్కరలేదు. ఒక్క నియమము మాత్రము పాటింపవలెను: రోగి సమ్మతి లేనిదే అతని వ్యాధి పేరు మూడవవాని చెవిన వేయరాదు.

9వ, 22వ క్రోమోసోముల గుర్తుగా ప్రతి సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఈ వ్యాధి దినమును పాటించుచున్నారు. ఆ దినమున మన కళాశాలలో ఒక వైద్యునిచే రెండు భాషలలోను ప్రసంగము ఏర్పాటు చేయవలసినదిగాను, పేద రోగుల ప్రయాణపు ఖర్చులకు ఒక చిన్న నిధిని నెలకొల్పవలసినదిగాను కళాశాల సంఘము వారిని వినయపూర్వకముగా కోరుచున్నాము. వ్యాధి నెమ్మదిగా నడచును; మందు దినదినమును నడువవలెను. రోగి ఒంటరిగా అంత దూరము నడువలేడు. అతనితో నడచుటకు మనకు కావలసినది ధనము కంటె ముందు ఓర్పు. అది మన విద్యార్థులకు కలదని మా విశ్వాసము.