కరువులో మూసిన తలుపు
(క్లౌ దొర జీవితం నుంచి నేను నేర్చుకున్న పాఠాలు)

కిందటేడు హాస్టల్లో రాత్రి భోజనాల దగ్గర ఒక మిత్రుడు నవ్వులాటకి ఒక మాట అన్నాడు. "మీ వాళ్ళు గంజి కోసం కలిసినవాళ్ళే గదరా!" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే కోపం వచ్చిందనుకుంటారని నవ్వాను. గదిలోకి వచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. అతను అబద్ధం చెప్పాడని అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. మా పల్లెలో అందరం ఆదివారం గుడికి వెళ్తాం, క్రిస్మస్‌కి పాటలు పాడతాం. కాని మా ముందుతరాల వాళ్ళు ఎందుకు కలిశారో, ఎప్పుడు కలిశారో నాకు సరిగా తెలియదు. పరమాణు సంఖ్యలు నూరు దాకా అప్పజెప్పగలను గాని మా ఇంటి సంగతి చెప్పలేను! ఆ సిగ్గుతోనే ఈ చదువు మొదలైంది. చదివినదాంట్లో నాకు ముఖ్యమని తోచినవి ఈ సంచికలో నలుగురితో పంచుకుంటున్నాను.

మాది ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మకి ఆమడ దూరంలో ఉన్న పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. పొగాకు, శనగ వేస్తాం, వానలు బాగుంటే మిరప పెడతాం. మా పెద్దలు మాదిగలు, తోలు పని చేసినవాళ్ళు. చేను అమిరింది మా తాత కాలంలోనే. నేను బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను.

మా వైపు ఏ ముసలమ్మని అడిగినా "క్లౌ దొర కాలంలో" అంటారు. ఆయన పూర్తి పేరు జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ మొదలైందీ ఆ సంవత్సరమే. యౌవనంలో ఆయన పాదిరీ కాదు, సర్వేయరు. మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే జట్లతో గొలుసు పట్టి భూములు కొలిచాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది.

ఆయన రాకముందు ముప్పయ్యేళ్ళు ఈ మిషన్ ఎదుగూ బొదుగూ లేకుండా ఉంది. నెల్లూరులో గుప్పెడుమంది సభ్యులు. మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారనీ, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారనీ మా వైపు చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ఆ మనిషి రావడానికి పదేళ్ళు దాటింది. 1864 నవంబరులో క్లౌ బోస్టన్‌లో ఓడెక్కాడు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు.

పరాయి దేశానికి వచ్చిన ప్రతివాడూ ఒక పథకం వేసుకొని వస్తాడు. క్లౌ కూడా అంతే. చదువుకున్న కులాల పిల్లలకి బడి పెట్టాలి, పైనుంచి మొదలుపెడితే కిందికి అదే దిగుతుంది అన్న ఆలోచన అప్పటి దొరల్లో చాలామందికి ఉండేది. ఒంగోలు బ్రాహ్మణుల పిల్లలు బడికి వచ్చారు కూడా. సరిగ్గా ఆ సమయంలో, ఒంగోలుకి దూరంగా ఉన్న తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య వచ్చాడు.

ఈ పేరయ్య గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు, ఉండవలసింది. అతను మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు. క్లౌ పేరు వినకముందే రాజయోగం సాధన చేసినవాడు, నలుగురికి గురువు. ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ బోధ విని, తాను ఏళ్ళ తరబడి వెతుకుతున్నది ఇదేనని నమ్మాడు. ఎవరూ గంజి పొయ్యలేదు, ఎవరూ పిలవలేదు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరికి పోయి తనవాళ్ళకి తనే చెప్పుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడ్డప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి గుడారం వేస్తే జనం మూటముల్లెలతో వచ్చి అక్కడే ఉండి విన్నారు. ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం ఇచ్చాడు. వాళ్ళను తయారుచేసింది దొర కాదు, పేరయ్యే.

ఇక్కడ బడి పంచాయతీ వచ్చింది. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అన్నారు పెద్దకులాల వాళ్ళు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య హారియట్ ఇంకో గదిలో దిక్కు తోచక బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనబడిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం హీనంగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. సైన్సు విద్యార్థిని గనక దీన్ని కాకతాళీయం అని కూడా అనగలను. ఇద్దరు మనుషులు ఒకే బాధలో, ఒకే పుస్తకంలో, ఒకే రకమైన మాట కోసం వెతుకుతుంటే అలా జరగడం అసాధ్యమేమీ కాదు. అద్భుతం కన్నా నాకు ఆ తర్వాత జరిగింది ముఖ్యం. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు, క్లౌ వాళ్ళని ఆపలేదు. సముద్రం దాటి తెచ్చుకున్న పథకాన్ని, గడపలో నిలబడ్డ మనిషి కోసం వదులుకున్నాడు. మనం ఒక సెమిస్టరు టైంటేబులు మారిస్తేనే గోల చేస్తాం.

కలిసినవాళ్ళ ముందు ఆయన మూడు షరతులు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కాని పల్లె బతుకు తెలిసినవాళ్ళకి వాటి బరువు తెలుస్తుంది. కోతల్లో రైతు రమ్మంటే మాదిగ రానని చెప్పడమే! జాతర్లో డప్పు కొట్టనని చెప్పడమే! దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. లాభం కోసం కలిసినవాళ్ళు ఇంత నష్టం ఎందుకు తెచ్చుకుంటారో నా మిత్రుడు చెప్పాలి. అయితే డప్పు విషయంలో మాత్రం నాకు దొరతో పూర్తిగా ఒప్పుదల లేదు. మొక్కు మానితే సరిపోయేది, ఆ వాద్యం మనది. అది పోవడం వల్ల మా పల్లె ఒక విద్యని పోగొట్టుకుంది. ఆదివారం సంగతికి వస్తే, కాలువ నీళ్ళ వంతు ఆదివారం పడితే మా నాయన పార తీసుకొని చేనికి పోతాడు, వచ్చాక ప్రార్థన చేసుకుంటాడు. దాన్ని క్లౌ దొర ఒప్పుకునేవాడో లేదో తెలియదు.

ఇక కరువు. నా మిత్రుడి మాటకి అసలు వేరు అక్కడే ఉంది.

1876లో వానలు పోయాయి. ఆ ధాత సంవత్సరం పేరు మీద మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగింది. మద్రాసు రాజధానిలో లక్షల మీద లక్షలు చచ్చిపోయారు. గింజలు రేవుల్లో ఉన్నా కొనే డబ్బు కూలివాడి చేతిలో లేదు. చేలో పని లేనప్పుడు ముందుగా పోయేది భూమి లేనివాడే. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ పని సాగించింది. అప్పుడు క్లౌలోని పాత సర్వేయరు లేచాడు. మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం కంట్రాక్టు తానే తీసుకున్నాడు. గుడిసెలు వేయించాడు, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చి మట్టి మోశారు. ఊరికే పంచిన గంజి కాదు, కొలిచి ఇచ్చిన కూలి. మధ్యాహ్నం పని ఆగినప్పుడు బోధకులు జనంలో కూర్చొని, ప్రయాసపడి భారం మోసేవాళ్ళని రమ్మన్న క్రీస్తు మాట చెప్పేవాళ్ళు. నెత్తిన తట్ట దించుకున్నవాడికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో, పొగాకు మండెలు మోసిన నాకు కొంచెం తెలుసు. మా ముత్తాతకి తాత ఆ కాలువలో తట్ట మోశాడని మా నాయనమ్మ చెప్పేది. నిజమో కాదో రాతలో ఎక్కడా లేదు.

అక్కడ జనం గుంపులు గుంపులుగా బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, 1877 మార్చి నుంచి సుమారు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. తన చేతిలో కూలి డబ్బు, సహాయ నిధుల డబ్బు ఉన్నంతకాలం, అడుగుతున్నది దేవుడినా, అన్నాన్నా అన్నది తేలదని ఆయన భయం. ఏ మిషనరీ అయినా లెక్కలు పంపుకోవడానికి ఇంతకన్న మంచి అదను ఉంటుందా? మూసేద్దామనుకున్న మిషన్ అది. అమెరికాకి పెద్ద సంఖ్య రాసి పంపితే ఎవరు కాదంటారు? అయినా తలుపు మూశాడు.

ప్రయోగశాలలో మేము చేసే పనే ఇది. రెండు కారణాలు కలిసి ఒక ఫలితం ఇస్తుంటే ఏది ఎంత చేసిందో తేల్చడానికి ఒకదాన్ని ఆపి చూస్తాం. 1878 జూన్‌లో సహాయం ముగింపుకి వచ్చింది. ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర జనం గుమిగూడారు. ఇక ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు, ఇళ్ళకి పొండి అన్నాడు. మాకు డబ్బు వద్దు, కష్టం చేసుకొని బతుకుతాం, మమ్మల్ని చేర్చుకో అన్నారు వాళ్ళు. అప్పుడూ తొందరపడలేదు. ఏ ఊరి బోధకుడు ఆ ఊరివాళ్ళని ఎరుగును గనక, వాళ్ళ చేతనే ఒక్కొక్కరినీ విచారింపజేసి పేర్లు రాయించాడు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజుల్లో 3,536. ఆ సంవత్సరం ముగిసేసరికి తొమ్మిది వేలు దాటింది. జూలై 3న పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా, మళ్ళీ రెండింటి నుంచి అయిదు దాకా ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. ఒక్కొక్కరికి ఇరవయ్యారు సెకన్లు పడింది. క్లౌ తన చేత్తో ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు. పేరు ఆయనకి వచ్చింది గాని చేతులు మనవాళ్ళవే. ఎక్కువమంది కథ చెప్పేటప్పుడు 2,222 దగ్గర ఆగుతారు. నా దృష్టిలో ఆ సంఖ్య కన్నా ముందున్న పదిహేను నెలల సున్నా పెద్దది.

ఈ ప్రయోగం మచ్చలేనిదని నేననను. జూలైలో పంట ఇంకా ఇంటికి రాలేదు. మళ్ళీ కష్టమొస్తే దొర ఆదుకుంటాడన్న ఆశ కొందరికి ఉండకుండా ఎలా ఉంటుంది? ఆకలితో వచ్చినవాళ్ళు అసలు లేరని వాదిస్తే అది మా పెద్దల ఆకలిని దాచడమే అవుతుంది. కాని కరువుకి ముందే ఒంగోలు సంఘంలో మూడు వేల పైచిలుకు సభ్యులు ఉన్నారు. వాళ్ళు ఏ గంజికి వచ్చారు? ఇంకొక మాట. చావు ముందు నిలబడ్డప్పుడు, ఊరు తనని అంటుకోకపోతే, ఎవరో వచ్చి పక్కన కూర్చొని, పని చూపించి, కూలి చేతికి ఇచ్చి, దేవుడి దగ్గర నువ్వూ మనిషివేనన్నాడు. ఆ మాట నమ్మి అటు నడిచినవాడిని తప్పు పట్టడానికి కడుపు నిండినవాడికి ఏం హక్కుంది? ఐదువేల మందికి రొట్టెలు పంచిన ప్రభువే, రొట్టెల కోసం వెంటపడుతున్నారని మర్నాడు మందలించాడు గదా. రొట్టె, విశ్వాసం రెండూ ఆ ఒడ్డున కలిసే ఉన్నాయి, ఈ ఒడ్డునా కలిసే ఉన్నాయి.

క్లౌ 1910లో అమెరికాలో చనిపోయాడు. ఆయన జ్ఞాపకాలు, రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ కూర్పుతో 1914లో పుస్తకంగా వచ్చాయి. పేరయ్య వంటి వాళ్ళ కథలు ఆమె అంతకుముందే 1899లో ఒక పుస్తకంగా రాసింది. ఆమె రాయకపోతే పేరయ్య రాజయోగి అన్న ముక్క నాకు దక్కేది కాదు.

మొన్న సెలవుల్లో మా నాయనతో వెల్లంపల్లి వైపు వెళ్ళాను. ఏరు సన్నగా పారుతోంది, ఒడ్డున గేదెలు మేస్తున్నాయి. నాయన నీళ్ళలో కాళ్ళు కడుక్కొని, "ఈ రేవులోనేనంటావా?" అని అడిగాడు. ఇక్కడెక్కడో అన్నాను. ఆయన కాసేపు నిలబడి చూసి, బస్సు టైమవుతోందని బయలుదేరాడు.

అచ్చుకి ఇచ్చే ముందు ఈ కాగితాలు హాస్టల్లో ఆ మాటన్న మిత్రుడికే చూపించాను. రెండు రోజులు తన దగ్గర ఉంచుకున్నాడు. గంజి మాట ఎత్తలేదు. ఒక్కొక్కరికి పదమూడు సెకన్లు అని నేను రాసిన చోట పెన్సిలుతో కొట్టేసి, "ఒకేసారి ఇద్దరు గదరా, రెట్టింపు చెయ్యి" అని రాసి ఇచ్చాడు. అతనే కరెక్టు. దిద్దాను.