నిరామయ కార్డు ఉందా? థెరపీ బిల్లు ఇలా అడిగి తీసుకోండి

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం. వీటిలో ఏదున్నా నిరామయ ఆరోగ్య బీమాలో చేరవచ్చు. 1999 నాటి చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ దీన్ని నడుపుతోంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది. ఆసుపత్రిలో చేరితేనే కాదు, ఫిజియో, స్పీచ్ లాంటి థెరపీలకూ అందులో కొంత మొత్తం విడిగా ఉంటుంది.

కాకపోతే ముందు డబ్బు మీరే కట్టాలి, తర్వాత క్లెయిమ్ పెట్టుకోవాలి. థెరపీ నిజంగా జరిగినా కాగితం సరిగా లేకపోతే సొమ్ము ఆగిపోతుంది. చేతిలో డబ్బు లేక వచ్చే నెల థెరపీ మానేసే ఇళ్లు ఉన్నాయి. మాటలు నేర్చే వయసులో ఆ నెలలు పోతే మళ్లీ రావు.

మొదట కావాల్సింది డాక్టర్ చీటీ. "థెరపీ అవసరం" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. బిడ్డకున్న సమస్య ఏంటి, ఏ థెరపీ, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నెలలు అన్నది రాయించుకోండి. తేదీ, సంతకం, ముద్ర చూసుకోండి.

ఇక బిల్లు. ఎక్కువ తేడాలు ఇక్కడే వస్తాయి. "నెల ఫీజు 4,800" అని ఒకే అంకె వేసిన రసీదు తీసుకోవద్దు. ఏ తేదీన ఏ థెరపీ చేశారు, ఒక్కోదానికి ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. ఉదాహరణకు నెలకు 12 సార్లు, సారికి 400 అనుకుందాం. బాబుకు జ్వరం వచ్చి రెండుసార్లు వెళ్లలేదు. అప్పుడు బిల్లులో 10 తేదీలు, 4,000 రూపాయలే ఉండాలి. "పర్లేదమ్మా, 12 వేసేస్తాం" అని సెంటర్‌వాళ్లు అన్నా ఒప్పుకోకండి. హాజరు పట్టికతో సరిపోలకపోతే మొత్తం క్లెయిమే అనుమానంలో పడుతుంది. ఖాళీ హాజరు పట్టిక మీద ముందే సంతకాలు పెట్టడం అంతకన్నా ప్రమాదం.

ఫోన్‌పే స్క్రీన్‌షాట్ బిల్లు కాదు. డబ్బు కట్టారని మాత్రమే చెబుతుంది, దేనికి కట్టారో చెప్పదు.

థెరపిస్టు పేరు, చదువు, సంతకం కూడా ఉండాలి. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అయితే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడంలో తప్పేం లేదు, అది మీ హక్కు.

పేరు దగ్గర జాగ్రత్త. మన దగ్గర ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, సదరం సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా ఉండటం మామూలే. బిల్లు మీద మాత్రం నిరామయ కార్డులో ఉన్నట్టే రాయించండి.

పాలసీ ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. మార్చి, ఏప్రిల్ థెరపీలను ఒకే బిల్లులో కలపనివ్వకండి. రెన్యువల్ కూడా ఆ తేదీలోపే చేయించుకోండి. బిల్లులు ఏడాదంతా పోగేసి చివర్లో పంపే అలవాటు మంచిది కాదు, క్లెయిమ్‌కు గడువు ఉంటుంది. అసలు కాగితాలు పంపేముందు ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

మండలంలో భవిత కేంద్రం, జిల్లాలో డీఈఐసీ ఉంటే అక్కడ కూడా అడగండి. ఆ సేవలు ఉచితం, బిల్లు గొడవే ఉండదు.