గన్ను చేతిలో ఉంటే చాలదు, తిప్పడం తెలియాలి

"మామిడికి రెండుసార్లు మందు కొట్టినాం, తేనెమంచు పురుగు పోలేదు. మందు నకిలీదే!" బంగారుపాళ్యం, దామలచెరువు వైపు తోటల్లో ఈ మాట మామూలే. నకిలీ మందులు లేవని కాదు. కానీ అంగడాయన్ని నిలదీసే ముందు మన చేతిలోని గన్నును ఒకసారి చూసుకోండి.

తలుపులకు రంగు కొట్టే గన్ను చూసే ఉంటారు. మరీ దగ్గర పెడితే రంగు కారిపోతుంది. దూరం పెడితే గాలికి పోతుంది. ఒకేచోట ఆపితే అక్కడ దళసరి, పక్కన పలచన. చెట్టుకు మందు కొట్టే గన్నుదీ అదే లెక్క. రంగు కారితే కంటికి కనపడుతుంది, మందు కారితే కనపడదు. అంతే తేడా.

మామిడి తోటలో

ఒక పెద్ద చుక్కను సగం సైజు చుక్కలుగా చీలిస్తే 8 చుక్కలవుతాయి. అంతే మందు ఎక్కువ ఆకులకు అంటుతుంది. అలాగని పొగలా చేస్తే పక్క చేనుకు, మీ ముక్కులోకి పోతుంది. గన్ను పిడి తిప్పితే నీళ్లు ధారగానో తుంపరగానో మారతాయి. ధార ఎత్తు కొమ్మలకే. దగ్గర నుంచి పూతకు తగిలితే పూత రాలిపోతుంది. చేయి ఆడిస్తూ కొట్టండి. ఆకు అంచు నుంచి కారడం మొదలైతే పక్కకు జరగండి.

తేనెమంచు పురుగు మాను బెరడు పగుళ్లలోనూ దాక్కుంటుంది. కాబట్టి మాను, లోపలి కొమ్మలు కూడా తడవాలి. తడుస్తున్నాయో లేదో తెలియాలంటే చదివేసిన ఈ పేపరునే ముక్కలు చేసి లోపలి కొమ్మలకు కట్టండి. ఉత్త నీళ్లు కొట్టి చూడండి. పొడిగా ఉన్న ముక్క దగ్గర పురుగు కూడా క్షేమమే!

పూమొగ్గలు విచ్చుకోకముందే మందు కొట్టండి. పూలు విచ్చుకున్నాక కొడితే తేనెటీగలు, ఈగలు చస్తాయి. అవి లేకపోతే పిందె పట్టదు.

వీపు ట్యాంకు వాడేవారికి

పురుగు, తెగుళ్ల మందులకు గుండ్రంగా చిమ్మే కోన్ నాజిల్ వాడండి. కలుపు మందుకు విసనకర్రలా పరిచే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ పెట్టి, ప్రెషర్ తగ్గించి కొట్టాలి.

ఎకరాకు ఎన్ని నీళ్లు పడతాయో ఇలా కొలవండి. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గీస్తే సుమారు ఒక సెంటు. మామూలు నడకతో అందులో ఉత్త నీళ్లు కొట్టండి. 2 లీటర్లు పట్టిందనుకుందాం. ఎకరాకు 200 లీటర్లు. డబ్బా మీద ఎకరాకు 300 మి.లీ. అని ఉంటే, 16 లీటర్ల ట్యాంకుకు 24 మి.లీ. మూతతో అందాజుగా పోయొద్దు.

నాజిల్ అరిగిందేమో కూడా చూడండి. ఒక నిమిషంలో వచ్చే నీళ్లు కొత్తదానికంటే పదో వంతు ఎక్కువైతే మార్చేయండి. కొత్త నాజిల్ ఖర్చు వృథా అయ్యే మందు ముందు ఏపాటిది?

ఈ తప్పు చేయొద్దు

చెరకులో 2,4-డి కలుపు మందు కొట్టిన ట్యాంకుతోనే టమేటాకు కొడితే ఆకులు మెలితిరిగి పంట పాడవుతుంది. అడుగున మిగిలిన కాస్త మందే చాలు. కలుపు మందుకు వేరే ట్యాంకు పెట్టుకోవడం మేలు. ఏ మందు కొట్టినా ట్యాంకు, పైపు, నాజిల్ మూడుసార్లు కడగండి. ఆ నీళ్లు బావిలో, కాలువలో పోయొద్దు.

నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదొద్దు, తీగతో పొడవొద్దు. పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి. గాలికి ఎదురుగా కొట్టొద్దు. డబ్బా మీద ఎరుపు గుర్తుంటే అది అన్నిటికంటే విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఏ రంగైనా చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

ఈసారి మందు కలిపే ముందు ఒక ట్యాంకు ఉత్త నీళ్లు కొట్టి చూడండి. లోపం మందులోనా, గన్నులోనా అన్నది అక్కడే సగం తేలిపోతుంది.