ఖర్చంతా లేచేటప్పుడే

ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ ఊళ్లో హలో గేమ్స్ అనే చిన్న సంస్థ ఉంది. ‘నో మ్యాన్స్ స్కై’ వాళ్ల ఆటే, 2016 ఆగస్టులో వచ్చింది. అందులో గ్రహాలెన్నంటే, 18 పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినా ఇంకా మిగులుతాయి. అంత విశ్వం ఎదురుగా ఉన్నా, నాకు తెలిసిన కుర్రాళ్లు కొందరు మొదటి గ్రహం మీదే విసిగి ఆపేశారు. ఆ ఆటంటే నాకు ప్రాణం కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1. షిప్ కంటే ముందు మీ ప్రాణం. ఆట మొదలయ్యేసరికి తెలియని నేల మీద ఒంటరిగా ఉంటారు. స్కానర్ పాడై ఉంటుంది, సూట్ రక్షణ నిమిష నిమిషానికీ తరిగిపోతుంటుంది. పసుపు పూల మొక్కల్లో సోడియం దొరుకుతుంది, అది సూట్ కవచానికి. ఎర్రపూల మొక్కల్లో ఆక్సిజన్, అది ఊపిరికి. దారిలో కనిపించినప్పుడల్లా రెండూ కోసుకోండి. రాళ్లు పగలగొడితే వచ్చే ఫెరైట్ డస్ట్‌తో స్కానర్ బాగుచేసుకుంటే షిప్ ఎటుందో తెలుస్తుంది. తుఫాను లేస్తే గుహలోకి పొండి. షిప్ దగ్గరుంటే అందులో ఎక్కి కూర్చున్నా చాలు, సూట్ కోలుకుంటుంది.

2. పాడైన షిప్‌కి రిపేరు రెండు చోట్ల. పల్స్ ఇంజిన్‌కి ఒక మెటల్ ప్లేటింగ్, ఒక హెర్మెటిక్ సీల్ కావాలి. ప్లేటింగ్‌ని 50 ఫెరైట్ డస్ట్‌తో మీరే చేసుకోవచ్చు. సీల్ అప్పటికి చేయలేరు, ఆట చూపించే సిగ్నల్ వెంట నడిచి వెళ్లి తెచ్చుకోవాలి. బయల్దేరేముందు సోడియం సరిపడా ఉందో లేదో చూసుకోండి. షిప్‌ని నేల మీంచి లేపే లాంచ్ థ్రస్టర్‌కి ప్యూర్ ఫెరైట్, డై-హైడ్రోజన్ జెల్లీ కావాలి. పోర్టబుల్ రిఫైనర్‌లో కార్బన్ వేసి, ఫెరైట్ డస్ట్ పెడితే ప్యూర్ ఫెరైట్ అవుతుంది. అది తయారయ్యేలోగా ఖాళీగా నిలబడకండి. నేల మీద నీలంగా మెరిసే స్ఫటికాలు కనిపిస్తాయి, అవే డై-హైడ్రోజన్. ఆ పూటకి కావలసినంత కాకుండా అంతకు రెండింతలు తవ్వుకోండి. ఎందుకో నాలుగో పాఠంలో చెబుతాను.

3. వెళ్లేముందు రిఫైనర్‌ని తీసి సంచిలో వేసుకోండి.

4. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గాల్లో ఎంతసేపు చక్కర్లు కొట్టినా లాంచ్ ఇంధనం తగ్గదు. నేల మీంచి లేచిన ప్రతిసారీ, మామూలు సెట్టింగ్‌లో, ట్యాంకులో నాలుగో వంతు పోతుంది. అంటే నాలుగుసార్లు లేస్తే ఖాళీ. దూరంగా దిగి, షిప్‌ని మీ దగ్గరికి రమ్మని పిలిచినా ఆ ఖర్చు తప్పదు. అందుకే దిగడం దగ్గరే తెలివి చూపించాలి. అందంగా ఉందని ప్రతి కొండ మీదా దించకండి. పైనుంచే గ్రహాన్ని స్కాన్ చేయండి, వాతావరణం ఎలాంటిదో, ఏ మూలకాలున్నాయో తెలుస్తుంది. స్పేస్ స్టేషన్‌లోనూ, ట్రేడింగ్ పోస్ట్‌లోనూ ల్యాండింగ్ ప్యాడ్ మీద దిగితే మళ్లీ లేవడానికి ఇంధనం పోదు. పని అక్కడికి దగ్గరైతే అక్కడే దిగి నడిచి వెళ్లండి, నడకలో చూసేవి ఎన్నో ఉంటాయి. అదనంగా తవ్వుకున్న డై-హైడ్రోజన్‌తో చేసిన ఒక లాంచ్ ఫ్యూయల్ ఎప్పుడూ సంచిలో ఉండాలి. దాన్ని మాత్రం దేనికీ ముట్టుకోవద్దు.

5. ఎగిరే చిన్న యంత్రాలు, సెంటినెల్స్, మీరు తవ్వుతుంటే గమనిస్తుంటాయి. దాడికి దిగితే మొదట్లో పోరాటం వద్దు. వాటి కంట పడకుండా దాక్కుంటే కాసేపటికి వెనక్కి పోతాయి.

6. అంతరిక్షంలోకి వచ్చాక పల్స్ ఇంజిన్ తినేది ట్రిటియం. ఉల్కల్ని కాలిస్తే అది వస్తుంది, కాబట్టి దానికి కరువు లేదు. దొంగలు వెంటపడితే మాత్రం పల్స్ పనిచేయదు, తిరిగి ఎదుర్కోవాల్సిందే. అప్పుడు వేగం తగ్గించి తిరగండి, మలుపు చిన్నదవుతుంది, శత్రువు ఎదుటికి వస్తాడు. షిప్ కవచానికి సోడియం అప్పటికే సంచిలో ఉండాలి.

7. కూలిపోయి పడున్న షిప్‌లు దారిలో ఉచితంగా దొరుకుతాయి. చూడగానే ఆశ పుడుతుంది. వాటిలో చాలా భాగాలు విరిగి ఉంటాయి, బాగుచేయించే సరుకు కూడబెట్టడం చాలాకాలం పట్టే పని. చేతిలో డబ్బు, సరుకు నిలదొక్కుకునేదాకా మొదటి షిప్‌నే నమ్ముకోండి. లాంచ్ సిస్టమ్ రీచార్జర్ అనే పరికరం సంపాదించి దానికి బిగిస్తే ఇంధనం దానంతటదే నిండుతుంది. కొత్త షిప్ కన్నా ముందు కొనాల్సింది అదే.