గణాలు ఎనిమిదే ఎందుకు?



తెలుగు పీరియడ్‌లో య, మ, త, ర, జ, భ, న, స అని మూడక్షరాల గణాలు నేర్చుకున్నాం కదా. అవి ఎనిమిదే ఎందుకు? తొమ్మిదోది ఎందుకు లేదు? దీనికి జవాబు లెక్కల్లో ఉంది.

ల అంటే లఘువు, గ అంటే గురువు అనుకుందాం. గురువులు ఎన్ని ఉన్నాయో చూసి గణాలను విడదీద్దాం.

గురువు లేనిది: న (లలల) – 1
ఒక గురువు: భ (గలల), జ (లగల), స (లలగ) – 3
రెండు గురువులు: య (లగగ), ర (గలగ), త (గగల) – 3
మూడు గురువులు: మ (గగగ) – 1

వరస 1, 3, 3, 1. మొత్తం 8.

ఇక నాలుగక్షరాలు తీసుకుందాం. వాటిలో రెండు గురువులు ఉండేవి ఎన్ని? చివరి అక్షరం లఘువైనా కావాలి, గురువైనా కావాలి. చివర లఘువైతే ముందరి మూడింటిలో రెండు గురువులు ఉండాలి. అవి 3. చివర గురువైతే ముందర ఒక్క గురువే ఉండాలి. అవీ 3. రెండూ కలిపితే 6.

అంటే పై వరసలో పక్కపక్కనున్న రెండు సంఖ్యలను కూడి, కింద వాటి మధ్య రాస్తే చాలు. రెండు చివర్లా 1 పెట్టాలి.

1
1 1
1 2 1
1 3 3 1
1 4 6 4 1
1 5 10 10 5 1
1 6 15 20 15 6 1

ప్రతి వరసలో రెండో సంఖ్య చూస్తే అది ఎన్ని అక్షరాల వరసో తెలుస్తుంది. ఒక్కో అక్షరం పెరిగినప్పుడల్లా మొత్తం రెట్టింపవుతుంది: 2, 4, 8, 16. అందుకే మూడక్షరాలకు ఎనిమిది గణాలే. తొమ్మిదోదానికి చోటు లేదు.

పింగళుని ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో హలాయుధుడు వ్యాఖ్య రాస్తూ ఈ పట్టీని వివరించాడు. దీని పేరు మేరు ప్రస్తారం. మేరు పర్వతంలాగా పైన సన్నం, కింద వెడల్పు. చైనాలో యాంగ్ హుయ్ 1261లో దీన్ని రాశాడు. ఫ్రాన్స్‌లో పాస్కల్ 1654లో దీనిమీద పుస్తకం రాశాడు. అది ఆయన చనిపోయాక 1665లో అచ్చయింది. లెక్కల పుస్తకాల్లో పాస్కల్ త్రిభుజం అనేది దీన్నే.

ఇది మన హాస్టల్లోనూ పనికొస్తుంది. గదిలో ఆరుగురు ఉన్నారు, వడ్డనకు రోజూ ఇద్దరు పోవాలి. ఎన్ని జతలు? ఆరో వరసలో మూడో సంఖ్య 15. ఎందుకంటే ఒకణ్ణి తీసుకోండి. వాడు ఉండే జతలు 5. వాడు లేకుండా మిగిలిన ఐదుగురిలో జతలు 10. పై వరసలో ఉన్న 5, 10 అవే! పదిహేను రోజులు జతలు మారుస్తూ పోతే ఒక్కొక్కరికి సరిగ్గా ఐదుసార్లు వంతు వస్తుంది. ఎవరికీ ఎక్కువ కాదు, ఎవరూ తప్పించుకోలేరు. ఈ పట్టీ రాసి గోడకు అంటిస్తే తగాదా ఉండదు.

కాబట్టి సంఖ్యలను బట్టీ పట్టకండి. మరిచిపోయినా 1 నుంచి మళ్లీ కట్టుకోవచ్చు. ఎందుకు కూడుతున్నామో మాత్రం గుర్తుంచుకోండి.

మీకో ప్రశ్న: ఎనిమిది మందిలో ముగ్గురిని ఎన్ని రకాలుగా ఎంచవచ్చు? ఏడు, ఎనిమిది వరసలు మీరే కట్టి చూడండి. జవాబు వచ్చే సంచికలో.