విద్యార్థికి శిక్ష యేది?

“శిక్ష” యను పదమునకు సంస్కృతమున నేర్చుట, నేర్పుట యని యర్థము. వేదాంగములలో ఒకదానికి ఆ పేరే కలదు. తెలుగున అది దండనమను అర్థమున స్థిరపడినది. ఉన్నత పాఠశాలలలో క్రమశిక్షణను గూర్చి యోచించునపుడు ఈ రెండర్థములను వేరుపరచుకొనుట అవసరము.

నెల్లూరు తీరమందలి కృష్ణపట్నమున 2008లో క్రొత్త ఓడరేవు పని ప్రారంభించినది. చేపలవేట కుటుంబములకు తోడు రేవులోను, విద్యుత్కేంద్రములలోను పనిచేయు కుటుంబములు చేరినవి. తండ్రి వేకువననే వేటకు పోవు ఇంటను, రాత్రి షిఫ్టు ముగించి తెల్లవారి వచ్చు ఇంటను బిడ్డల వేళలు చూచుట కష్టము. అట్టి ఇంటి బాలుడు తొమ్మిదవ తరగతికి ఆలస్యముగా వచ్చి బెత్తపు దెబ్బ తిన్నాడనుకొందము. మరునాడు వేళకు వచ్చుటకంటె బడి మానుటయే వానికి సులువుగా తోచును. మానిననాటి లెక్క తెలియదు. తెలియనందుకు మరల దెబ్బ. తెలివిగల బాలుడే ఇట్లు హాజరు లేక పదవ తరగతి తప్పును.

2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన ‘యంగ్ లైవ్స్’ పరిశోధన సుమారు 3,000 మంది పిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించినది. అందు ఎనిమిదేండ్లవారిలో నూటికి 90 మందికి పైగా, గడచిన వారమున బడిలో ఉపాధ్యాయుడు కొట్టుట చూచితిమనిరి. 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము తన 17వ విభాగమున శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది.

దండనము పోయినచో నియమమును పోవలెనా? పోరాదు. వేళకు వచ్చుట, నాటి పాఠము నాడే చదువుట, గురువు చెప్పునపుడు ఆలకించుట లేనిచో పిరియడులో సగము అల్లరి నణచుటకే సరిపోవును. కలిగినవారి బిడ్డ ట్యూషనులో నేర్చుకొనును. పేదబిడ్డకు ఆ పాఠము మరల దొరకదు.

బసవేశ్వరుడు కాయకమును పూజగా బోధించెను. విద్యార్థికి చదువే కాయకము. భయముతో చేయునది పూజ కానేరదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార మహాస్వాములవారు (1907–2019) కులమతభేదము లేక వేలాది బాలురకు అన్నము, వసతి, విద్య నొసగిరి. ఉదయ సాయంకాల ప్రార్థనలు అచ్చట నిత్యనియమము. స్వామివారు తెల్లవారకమునుపే లేచి, పూజ ముగించి, ఆ నియమమును ముందుగా తామే ఆచరించిరి.

ఇష్టలింగపూజ గల ఇంట వేళయను నియమము ఇదివరకే కలదు. ఆ పూజ ముగిసిన పిదప ఒక గంట చదువునకు కేటాయించి, పెద్దలలో ఒకరు బిడ్డ ప్రక్కన కూర్చుండవలెను. ఇంట చూచువారు లేని బాలురకు మఠములు సాయంకాలము ఒక దీపమును, చాపను, చెప్పువారి నొకరిని సమకూర్చిన చాలును. ఆలస్యముగా వచ్చిన బాలుని “ఏల ఆలస్యమైనది నాయనా?” అని మొదట అడుగవలెను. బదులు విని, వాడు పోగొట్టుకొన్న పాఠమును మరల చెప్పుటయే నిజమైన శిక్ష.