సర్వర్ లాగులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా ఉబుంటు సర్వర్‌లో డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయింది. ఎన్‌జిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్ ఒక్కటే 38 జీబీ ఉంటే ఆర్‌ఎం కొట్టి తీసేశాను. అయినా డీఎఫ్ కొడితే డిస్క్ నిండే ఉందంటోంది. డీయూలో మాత్రం ఆ ఫైలు లేదు. లాగ్‌రొటేట్ ఉండి కూడా ఫైలు అంత ఎందుకు పెరిగింది? లాగ్‌ను ఈమధ్యే వేరే డైరెక్టరీకి మార్చుకున్నాం.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చెరిపింది పేరును మాత్రమే. యూనిక్స్‌లో ఫైలు పేరు వేరు, అందులోని డేటా వేరు. ఏ ప్రోగ్రామైనా ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉన్నంతసేపు డిస్క్ మీద చోటు ఖాళీ కాదు. ఎన్‌జిన్‌ఎక్స్ ఇప్పటికీ ఆ పేరు లేని ఫైల్లోకే రాసుకుపోతోంది. డీయూ పేర్లున్న ఫైళ్లనే కూడుతుంది, డీఎఫ్ ఫైల్ సిస్టమ్‌ను అడుగుతుంది. లెక్క తేడా వచ్చింది అక్కడే.

ఎన్‌జిన్‌ఎక్స్‌కు రీఓపెన్ సిగ్నల్ పంపండి. పాత ఫైలును వదిలేసి కొత్తది తెరుస్తుంది, చోటు ఖాళీ అవుతుంది. ఇలా పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లు ఇంకేమైనా ఉంటే ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపిస్తుంది. ఇకమీదట ఇలాంటి అవసరం పడితే ఫైలును చెరపకుండా ట్రంకేట్‌తో సున్నాకు కుదించండి.

ఇక ఫైలు పెరగడానికి కారణం మీ చివరి వాక్యంలోనే ఉంది. ప్యాకేజీతో వచ్చే లాగ్‌రొటేట్ సెట్టింగ్ వార్ లాగ్ కింద ఉన్న ఎన్‌జిన్‌ఎక్స్ డైరెక్టరీని మాత్రమే చూస్తుంది. మీరు లాగ్‌ను మార్చిన సంగతి దానికెవరు చెప్పారు? కొత్త పాత్‌ను అందులో చేర్చండి.

ప్రశ్న: మా అడ్మిన్ 14 రోజుల లాగులు చాలంటారు. ఆడిటర్ ఆర్నెల్లవి కావాలంటారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆడిటర్ మాటే. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్‌ల లాగులను 180 రోజులు భద్రపరచాలి. అలాగని 'రొటేట్ 14'ను 180 చేసి ఊరుకోకండి. డిస్క్ పోతే ఆర్నెల్లూ పోతాయి. పైగా సర్వర్‌లోకి చొరబడ్డవాడి చెయ్యి ముందు పడేది లాగుల మీదే. రోజూ వేరే మెషిన్‌కు పంపాల్సిందే.

పంపేముందు 'డేట్‌ఎక్స్‌ట్' పెట్టుకోండి. అది లేకపోతే ఇవాళ 1 అన్న ఫైలు రేపు 2 అవుతుంది, ఎల్లుండి 3. పేర్లన్నీ మారాయి కదా అని ఆర్‌సింక్ పాతవాటినే రోజూ మళ్లీ మోస్తుంది. తేదీతో పేరు పెడితే ఆ బెడద ఉండదు. 'కంప్రెస్' కూడా పెట్టండి, వెతకడానికి జెడ్‌గ్రెప్ ఉంది.

ప్రశ్న: కాపీట్రంకేట్ పెడితే సిగ్నళ్ల గొడవే ఉండదట. పెట్టేయమంటారా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లాగ్‌ను మళ్లీ తెరవడం చేతకాని ప్రోగ్రామ్‌లకైతే పెట్టండి, మిగతావాటికి వద్దు. కాపీ పూర్తయి, ఫైలు ఖాళీ అయ్యేలోపు పడిన వరుసలు పోతాయి. కాపీకి అంత చోటూ కావాలి, డిస్క్ నిండబోతున్నప్పుడు అది ఎక్కడి నుంచి వస్తుంది? ఏ సెట్టింగ్ మార్చినా ముందు లాగ్‌రొటేట్‌ను డీబగ్ మోడ్‌లో నడిపి చూడండి. ఏం చేయబోతోందో చెబుతుంది, ఫైళ్లను మాత్రం ముట్టుకోదు.